నవోదయ సీటు: పరీక్ష ఐదో తరగతిలో.. లెక్క మాత్రం మూడో తరగతి నుంచే! కోనసీమ తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సిన విషయాలివే

ఊళ్లో బడి ఉన్నా, పిల్లాడి చదువు బాగుండాలని మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో అమలాపురం స్కూల్‌కి వ్యాన్ ఎక్కిస్తారు. రెండేళ్లు గడిచాక ఎవరో నవోదయ గురించి చెబుతారు. అప్లికేషన్ నింపే రోజున కానీ అసలు సంగతి తెలియదు. ఆ వ్యాన్ ఎక్కిన రోజు నుంచే పిల్లాడు నవోదయ లెక్కల్లో పల్లెటూరి విద్యార్థి కాదు, పట్టణ విద్యార్థి. ఇల్లు పల్లెలోనే ఉన్నా సరే!

జవహర్ నవోదయ విద్యాలయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది కోచింగ్. కానీ ఈ సీటు విషయంలో కోచింగ్ కంటే ముందు చూసుకోవాల్సినవి మూడున్నాయి. పిల్లలు ఏ బడిలో చదివారు, కాగితాలు సరిగ్గా ఉన్నాయా, బడిలో చెప్పని బొమ్మల ప్రశ్నలు ఇంట్లో అలవాటయ్యాయా. ఈ మూడూ డబ్బుతో పనిలేనివే. వీటిలో ఏది తప్పినా మాత్రం మళ్లీ రాసే అవకాశం లేదు. ఎందుకో వివరంగా చూద్దాం.

అసలు నవోదయలో ఏముంది?

1986 జాతీయ విద్యా విధానంలో భాగంగా వచ్చినవే ఈ స్కూళ్లు. పల్లెటూళ్లలో తెలివైన పిల్లలు ఉంటారు, వాళ్ల తల్లిదండ్రుల దగ్గర డబ్బుండదు. ఆ పిల్లలకు మంచి రెసిడెన్షియల్ చదువు అందించాలన్నది ఆలోచన. అప్పుడు కేంద్ర మానవ వనరుల శాఖ మంత్రి మన తెలుగువారైన పీవీ నరసింహారావు. అంతకుముందు ఆయన ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మెరిట్ చూసి పల్లె పిల్లలను హాస్టల్లో ఉంచి చదివించే పద్ధతికి తెలుగు నేలపై అది తొలి అడుగు.

నవోదయలో ఆరు నుంచి 12వ తరగతి వరకు సీబీఎస్ఈ సిలబస్. చదువు, వసతి, భోజనం, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి విద్యాలయ వికాస నిధి కింద నెలకు 600 రూపాయలు కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలకు అదీ లేదు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలైతే నెలకు 1,500 వరకు ఉంటుంది. అంటే ఏడేళ్ల చదువు దాదాపు ఉచితం. ప్రైవేట్ రెసిడెన్షియల్ ఫీజులు కట్టేవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

కోనసీమ పిల్లలకు ఏ నవోదయ?

కోనసీమ 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాగా ఏర్పడింది. మరి నవోదయ? జిల్లా విడిపోయినా కొత్త జిల్లాలో విద్యాలయం మొదలుకాకపోతే, ప్రవేశాలకు పాత జిల్లా సరిహద్దులనే లెక్కలోకి తీసుకుంటారు. ఇది నవోదయ విద్యాలయ సమితి నిబంధన. కాబట్టి రాజోలు, కొత్తపేట, అమలాపురం పిల్లలు పోటీపడేది పెద్దాపురం నవోదయ సీట్ల కోసమే. ఆ ఊరు ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉంది.

ఆరో తరగతిలో గరిష్ఠంగా 80 సీట్లు. వాటికి కోనసీమతో పాటు కాకినాడ, రాజమహేంద్రవరం వైపు పిల్లలూ రాస్తారు. ఈ 80లో కనీసం 75 శాతం, అంటే 60 సీట్లు గ్రామీణ ప్రాంత విద్యార్థులకే. మిగిలిన సీట్లకు పల్లె, పట్టణం తేడా లేకుండా అందరూ మెరిట్‌లో పోటీపడాలి. మొత్తం సీట్లలో మూడో వంతు తగ్గకుండా ఆడపిల్లలకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగుల రిజర్వేషన్లు వీటిలోనే ఉంటాయి.

వ్యాన్ ఎక్కితే కోటా పోతుందా?

కోనసీమ తల్లిదండ్రులు ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇక్కడే. గ్రామీణ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన స్కూల్లో పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంత స్కూల్లో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్క. గమనించండి, చూసేది ఇల్లు ఎక్కడుందని కాదు, బడి ఎక్కడుందని.

ఉదాహరణకు అంబాజీపేట మండలంలో ఒక ఊరు అనుకుందాం. అక్కడి పాప మూడో తరగతి ఊళ్లో చదివి, నాలుగో తరగతికి అమలాపురం మున్సిపాలిటీలోని స్కూల్‌కి మారింది. ఐదులో మళ్లీ ఊరి బడికి వచ్చేసినా లాభం లేదు. అదే పాప ఊళ్లోనే, లేదా పక్క పంచాయతీలోని గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూల్లో చదివి ఉంటే గ్రామీణ కోటా ఉండేది. ప్రభుత్వ బడే కావాలన్న రూల్ లేదు. గుర్తింపు ఉండాలి, బడి గ్రామీణ ప్రాంతంలో ఉండాలి, అంతే.

ముమ్మిడివరం నగర పంచాయతీ. కాబట్టి అది కూడా పట్టణం కిందికే వస్తుంది. టౌన్‌ని ఆనుకుని ఉన్న పంచాయతీల్లో కొన్ని స్కూళ్లు అటా ఇటా అన్నట్టు ఉంటాయి. పేరు చివర 'అమలాపురం' అని ఉన్నంత మాత్రాన పట్టణం కాదు, ఊరి పేరు ఉన్నంత మాత్రాన గ్రామీణమూ కాదు. ఆ బిల్డింగ్ ఏ హద్దులో ఉందన్నదే లెక్క. అందుకే అడ్మిషన్ వేసేటప్పుడే హెడ్మాస్టర్‌ని సూటిగా అడగండి. 'నవోదయ సర్టిఫికెట్‌లో మన స్కూల్‌ని రూరల్ అని రాస్తారా, అర్బన్ అనా?' అనుమానం ఉంటే ఎంఈవో ఆఫీసులో కనుక్కోండి.

ఇటీవలి సంవత్సరాల్లో స్కూళ్ల విలీనం, మార్పుల వల్ల కొందరు పిల్లలు తమ ప్రమేయం లేకుండానే మూడో తరగతి నుంచి వేరే బడికి మారారు. అలాంటివాళ్లు రెండు స్కూళ్ల నుంచీ స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోవాలి. ఏ తరగతి, ఏ ఊరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

అలాగని పట్టణంలో చదివిన పిల్లలకు అవకాశమే లేదని కాదు. వాళ్లూ రాయొచ్చు. కానీ వాళ్లకు మిగిలే సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ సంగతి తెలిసే దిగాలి.

జీవితంలో ఒక్కసారే!

నవోదయ ఆరో తరగతి పరీక్షకు రెండో ఛాన్స్ లేదు. ఒకసారి రాసినవాళ్లు మళ్లీ రాయడానికి వీల్లేదు. 'ఈసారి రాకపోతే ఐదో తరగతి మళ్లీ చదివిద్దాం' అనుకునేవాళ్లు కొందరుంటారు. ఐదో తరగతి ముందే పాసైనవాళ్లకు, మళ్లీ చదువుతున్నవాళ్లకు అర్హత లేదు. అంటే అది పిల్లల ఏడాదిని చేతులారా పోగొట్టడమే.

వయసు హద్దు కూడా ఉంది. 2026-27 ప్రవేశాలకు 2014 మే 1 నుంచి 2016 జులై 31 మధ్య పుట్టినవాళ్లకే అవకాశం ఇచ్చారు. ఈ తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి మీ పిల్లల ఏడాదికి నోటిఫికేషన్‌లో ఏముందో చూసుకోవాలి. బడి రికార్డులో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఫలితాలు వచ్చాక పరుగులు పెట్టడం కంటే అది నయం.

ఇంకో విషయం. ఐదో తరగతి ఏ జిల్లాలో చదువుతుంటే ఆ జిల్లా నవోదయకే అప్లై చేయాలి, అక్కడి నివాసి కూడా అయి ఉండాలి. పనుల కోసం హైదరాబాద్ వెళ్లిన కుటుంబం పిల్లల్ని అక్కడ ఐదో తరగతి చదివిస్తూ, సొంతూరు రాజోలు కదా అని పెద్దాపురానికి దరఖాస్తు చేయడం కుదరదు.

అప్లికేషన్‌లో ఎక్కడ జారిపోతాం?

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫీజు లేదు. నవోదయ విద్యాలయ సమితి అధికారిక వెబ్‌సైట్ ద్వారానే చేయాలి. నెట్ సెంటర్‌లో నింపించినా పక్కనే కూర్చుని ప్రతి గడీ చూసుకోండి. ముఖ్యంగా ఇవి..

* హెడ్మాస్టర్ సంతకం, ముద్ర ఉన్న సర్టిఫికెట్ నిర్ణీత నమూనాలోనే ఉండాలి.
* విద్యార్థి ఫొటో, విద్యార్థి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం స్కాన్ చేసి పెట్టాలి. కోనసీమలో అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉండి, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆఖరి రోజున సంతకం కోసం వెతుక్కోకుండా ముందే ఏర్పాటు చేసుకోండి.
* రూరల్, అర్బన్ గడి. ఇక్కడ పొరపాటు జరిగితే సీటు వచ్చాక కూడా పోవచ్చు.
* ఓబీసీ గడి. రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. నవోదయ చూసేది కేంద్ర ప్రభుత్వ ఓబీసీ జాబితా. మీ కులం అందులో ఉందో లేదో చూసి, కేంద్ర నమూనాలో సర్టిఫికెట్ తీసుకోవాలి.
* పరీక్ష రాసే భాష. దీని గురించి కింద వివరంగా ఉంది.

దరఖాస్తు గడువు ముగిశాక సవరణలకు కొద్ది రోజులు అవకాశం ఇస్తారు. లింగం, కేటగిరీ, రూరల్ లేదా అర్బన్, వైకల్యం, పరీక్ష మాధ్యమం వంటివి అప్పుడు మార్చుకోవచ్చు. ఆ తర్వాత మార్చడానికి ఉండదు. పరీక్షలో ఎంపికైనంత మాత్రాన సీటు ఖాయం కాదు, సర్టిఫికెట్ల పరిశీలన పూర్తయ్యాకే అడ్మిషన్.

పేపర్ ఎలా ఉంటుంది?

రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు. అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే. తప్పు రాస్తే మార్కులు కోయరు.

* మేధాశక్తి పరీక్ష, అంటే మెంటల్ ఎబిలిటీ: 40 ప్రశ్నలు, 50 మార్కులు
* గణితం: 20 ప్రశ్నలు, 25 మార్కులు
* భాష: 20 ప్రశ్నలు, 25 మార్కులు

చూశారా, సగం మార్కులు మేధాశక్తికే! అందులో ఉండేవన్నీ బొమ్మలు. చదవాల్సిన వాక్యం దాదాపు ఉండదు. ఇది కావాలనే పెట్టిన పద్ధతి. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకో, టౌన్ స్కూల్ పిల్లలకో లాభం కలగకుండా, పల్లె పిల్లలు ఏ లోటూ లేకుండా పోటీపడేలా పరీక్షను రూపొందించామని నవోదయ సమితి చెబుతుంది. అంటే ఈ పరీక్ష పుట్టిందే పల్లె పిల్లల కోసం.

మరి చిక్కు ఎక్కడ? బొమ్మల ప్రశ్నలు బడి సిలబస్‌లో ఉండవు. క్లాస్‌లో ఫస్ట్ వచ్చే పాప కూడా వీటిని మొదటిసారి చూస్తే తికమక పడుతుంది. రెండు నెలలు అలవాటైతే సగటు విద్యార్థి కూడా చకచకా పెట్టేస్తాడు. తెలివి కంటే పరిచయం ముఖ్యమైన భాగం ఇది.

బొమ్మల ప్రశ్నలు ఇంట్లోనే నేర్పొచ్చు

మొత్తం పది రకాలు. ఒక్కో రకంలో నాలుగు ప్రశ్నలు, అంటే ఒక్కో రకానికి 5 మార్కులు. వాటిలో కొన్ని ఇవి: గుంపులో భిన్నంగా ఉన్న బొమ్మను గుర్తించడం, అచ్చం అలాంటి బొమ్మను వెతకడం, ఖాళీని పూరించడం, వరుసలో తర్వాతి బొమ్మ ఏదో చెప్పడం, అద్దంలో ప్రతిబింబం, కాగితం మడిచి రంధ్రం చేస్తే విప్పాక ఎలా ఉంటుందో ఊహించడం, పెద్ద బొమ్మలో దాగి ఉన్న చిన్న బొమ్మను పట్టుకోవడం.

వీటికి ఖరీదైన మెటీరియల్ అక్కర్లేదు. పాత న్యూస్ పేపర్ ముక్క తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడవండి. ఒక రంధ్రం చేయండి. విప్పకముందే 'ఎన్ని రంధ్రాలు ఉంటాయి, ఎక్కడెక్కడ ఉంటాయి?' అని అడగండి. నాలుగు ఉంటాయి. మూడుసార్లు మడిస్తే ఎనిమిది. ముందు ఊహించి చెప్పాలి, తర్వాతే విప్పాలి. వారం రోజులు చేస్తే పిల్లలు కాగితం లేకుండానే చెప్పగలరు.

అద్దం ప్రశ్నలకు ఇంట్లో అద్దం చాలు. గోడ గడియారంలో మూడు గంటలైతే అద్దంలో తొమ్మిదిలా కనబడుతుంది. ఎందుకో పిల్లల్నే చెప్పమనండి. కుడి ఎడమలు మారతాయి, పైనా కిందా మారవు అన్న సూత్రం వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. ఇక ముగ్గు వేయడం వచ్చిన పిల్లలకు బొమ్మ పూరించే ప్రశ్నలు సులువు. సగం ముగ్గు మీరు వేసి మిగతా సగం వాళ్లని వేయమనండి. అదే ప్రాక్టీస్.

ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాలు. ఒకటో రకం అంతా పూర్తిచేసి రెండో రకానికి వెళ్లడం కంటే, రోజూ నాలుగైదు రకాల నుంచి కొన్ని కొన్ని చేయించడం మేలు. పరీక్షలో వచ్చేది అలాగే. తప్పు చేసిన ప్రశ్న దగ్గర 'నువ్వు ఏమనుకుని ఇది పెట్టావు?' అని అడగండి. సమాధానం చెప్పేయడం కంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది.

లెక్కలు: కొబ్బరి రాశి దగ్గరే క్లాస్!

గణితంలో ఉండేది ఐదో తరగతి స్థాయే. సంఖ్యలు, కూడిక నుంచి భాగహారం దాకా నాలుగు ప్రక్రియలు, కారణాంకాలు, గుణిజాలు, భిన్నాలు, దశాంశాలు, కొలతలు, లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం. కానీ ప్రశ్నలు ఒక మెట్టుతో ఆగవు. రెండు మూడు మెట్లు ఎక్కాలి.

ఇలా ఒక లెక్క ఇచ్చి చూడండి. ఒక వ్యాపారి 1,000 కొబ్బరికాయలు ఒక్కోటి 12 రూపాయలకు కొన్నాడు. రవాణాకు 500 అయింది. 50 కాయలు పాడయ్యాయి. మిగిలినవి ఒక్కోటి 15 రూపాయలకు అమ్మాడు. లాభం ఎంత?

కొన్నది 12,000, రవాణా 500 కలిపితే పెట్టుబడి 12,500. అమ్మింది 950 కాయలు, వచ్చింది 14,250. లాభం 1,750. పిల్లలు తడబడేది రెండు చోట్ల. పాడైన కాయల్ని తీసేయడం మర్చిపోతారు, లేదా రవాణా ఖర్చును పెట్టుబడిలో కలపరు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఆ తప్పులకు సరిపోయే సమాధానాలను కూడా ఆప్షన్లలో పెట్టొచ్చు. అందుకే 'ఆప్షన్లలో ఉంది కాబట్టి కరెక్టే' అనుకోవద్దని చెప్పాలి.

అలాగే బస్సుల లెక్క. స్టాండ్ నుంచి ఒక బస్సు 20 నిమిషాలకోసారి, ఇంకోటి 30 నిమిషాలకోసారి బయల్దేరతాయి. ఉదయం 6 గంటలకు రెండూ కలిసి వెళ్తే మళ్లీ ఎప్పుడు కలిసి వెళ్తాయి? 7 గంటలకు. ఇది క.సా.గు. లెక్క. పేరు చెప్పకుండా కథగా అడిగితే ఇది క.సా.గు. అని గుర్తుపట్టడమే ఇక్కడ అసలు పరీక్ష. రోజుకు 50 లెక్కలు చేయించేకంటే పది లెక్కలు ఇచ్చి 'ఇందులో ఏం అడిగారు?' అని నోటితో చెప్పించండి.

తెలుగా, ఇంగ్లిషా?

మన దగ్గర చాలా ఇళ్లలో తలెత్తే చిక్కు ఇది. పిల్లాడు ఇంగ్లిష్ మీడియం. మాట్లాడేది, ఆలోచించేది తెలుగు. పరీక్ష ఏ భాషలో రాయాలి? ఒక పాత పేపర్ రెండు భాషల్లోనూ ఇచ్చి, గడియారం పెట్టి చూడండి. ఎందులో వేగంగా, తప్పుల్లేకుండా అర్థం చేసుకుంటే అదే ఎంచుకోండి. నలుగురూ ఏమంటారో అన్నది పక్కన పెట్టండి.

తెలుగు ఎంచుకుంటే ఒక జాగ్రత్త. ప్రైవేట్ స్కూల్ పిల్లలకు ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్ తెలుసు కానీ క.సా.గు., గ.సా.భా. అంటే తెల్లముఖం వేస్తారు. ఏరియా తెలుసు, వైశాల్యం తెలియదు. పెరీమీటర్ తెలుసు, చుట్టుకొలత తెలియదు. ప్రభుత్వ బడి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. అలాంటి గణిత పుస్తకం ఒకటి సంపాదించి ఈ పదాల జంటలు ఒక కాగితం మీద రాయించండి.

భాషా విభాగంలో ప్రధానంగా పేరాలు ఇచ్చి కింద ప్రశ్నలు అడుగుతారు. దీనికి గైడ్ కంటే రోజూ చదివే అలవాటు పనికొస్తుంది. పేపర్‌లో వచ్చే పిల్లల పేజీ, బాలల కథలు, ఏదైనా ఒక పేరా చదివించి మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి పేరాలో నేరుగా ఉన్నది, ఒకటి అర్థం చేసుకుని చెప్పాల్సింది, ఒకటి పదానికి అర్థం. సమాధానం తనకు తెలిసినదాన్నిబట్టి కాదు, పేరాలో ఉన్నదాన్నిబట్టి రాయాలని పదేపదే చెప్పాలి.

రెండు గంటలు ఎలా పంచుకోవాలి?

మేధాశక్తికి గంట, గణితానికి అరగంట, భాషకు అరగంట అన్నది సూచించిన సమయం. బొమ్మలు అలవాటైన పిల్లలు 50 నిమిషాల్లో ఆ భాగం ముగించగలరు. భాషకు 25, గణితానికి 35 ఇస్తే ఆఖరి 10 నిమిషాలు సరిచూసుకోవడానికి మిగులుతాయి. ఒక ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటితే వదిలి ముందుకు వెళ్లడం కూడా నేర్పాల్సిన విద్యే. ఏదో ఒక విభాగాన్ని పూర్తిగా వదిలేస్తే మాత్రం కుదరదు, మూడింటిలోనూ అర్హత సాధించాలి.

సమాధానాలు ఓఎంఆర్ షీట్‌లో బాల్ పాయింట్ పెన్నుతో గుర్తించాలి. ఒకసారి నింపాక కొట్టేయడం, దిద్దడం, వైట్నర్ పూయడం కుదరదు. పదేళ్ల పిల్లలు ఇలాంటి షీట్ ముందెన్నడూ చూసి ఉండరు. అందుకే తెలిసిన సమాధానాలూ తప్పు వరుసలో పడతాయి. ఒక ప్రశ్న వదిలేసి, తర్వాతి సమాధానాన్ని దాని గడిలో నింపితే అక్కడి నుంచి అన్నీ జరిగిపోతాయి! ఖాళీ షీట్లు ప్రింట్ తీయించి కనీసం పదిసార్లు నింపించండి. ప్రశ్న నంబర్ మీద ఒక వేలు, షీట్ నంబర్ మీద పెన్ను. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో ఏదీ ఖాళీగా వదలకూడదు.

కోచింగ్ తప్పనిసరా?

కాదు. ఇంట్లో చూసేవాళ్లు లేనప్పుడు, బడిలో టీచర్‌కి తీరిక లేనప్పుడు కోచింగ్ కొంత ఉపయోగపడొచ్చు. కానీ ఐదో తరగతి పిల్లల్ని బడి మాన్పించి, హాస్టల్ కోచింగ్‌లో పడేసేముందు రెండు విషయాలు ఆలోచించండి. ఒకటి, ఆ సెంటర్ పట్టణంలో ఉండి అడ్మిషన్ కూడా అక్కడి స్కూల్‌కి మారిస్తే గ్రామీణ కోటా పోతుంది. కోచింగ్ కోసం కట్టిన డబ్బే సీటుకు అడ్డం పడుతుంది! రెండు, కోచింగ్ కోసం బడి మారిస్తే ఐదో తరగతి చదువు కూడా దెబ్బతింటుంది. 'గ్యారంటీ సీటు' అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

రోజుకు గంట, గంటన్నర చాలు. జూన్‌లో మొదలుపెడితే తొలి రెండు నెలలు బొమ్మల రకాలు పరిచయం, తర్వాతి రెండు నెలలు గణిత అధ్యాయాలు, పేరాలు. ఆఖరి రెండు నెలలు వారానికో పూర్తి పేపర్, గడియారం పెట్టి.

ఇక్కడ కోనసీమ సంగతి వేరేగా చెప్పుకోవాలి. జులై, ఆగస్టులో గోదావరి పొంగితే లంక గ్రామాల్లో బడులు రోజుల తరబడి మూతపడతాయి. 2025 అక్టోబర్ 28న మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఆ తర్వాత నెలన్నరకే, డిసెంబర్ 13న నవోదయ పరీక్ష! అంతకుముందు ఏడాది బ్యాచ్‌కి పరీక్ష 2025 జనవరి 18న జరిగింది, అంటే కనుమ అయిన మూడు రోజులకు. తేదీ ఏటా ఒకేలా ఉండదు. కాబట్టి ప్లాన్‌లో రెండు మూడు వారాలు ఖాళీ ఉంచుకోండి. కరెంట్ లేని రోజుల్లో కూడా చేసుకునేలా పేపర్లు ప్రింట్ రూపంలో దగ్గర పెట్టుకోండి. పండగొస్తే పిల్లల్ని ప్రభల తీర్థానికి పంపండి. జగ్గన్నతోట చూసొచ్చిన ఒక్క రోజు వల్ల సీటు పోదు.

సీటు వస్తే పంపగలరా?

దీన్ని పరీక్షకు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. పదకొండేళ్ల పిల్ల ఇల్లు వదిలి హాస్టల్లో ఉండాలి. తన బట్టలు తను ఉతుక్కోవాలి, తను లేచి తయారవ్వాలి. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది విద్యార్థులను ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపే విధానం ఉంది. పై తరగతుల్లో గణితం, సైన్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇవన్నీ పిల్లలకు ముందే చెప్పి, వాళ్ల మాట కూడా వినాలి. వీలైతే ఒకసారి పెద్దాపురం తీసుకెళ్లి విద్యాలయం బయట నుంచైనా చూపించండి.

పరీక్ష రోజు వరకు ఇంట్లో వినిపించకూడని మాట ఒకటుంది. 'ఇది రాకపోతే నీ జీవితం అంతే.' నవోదయ ఒక మంచి తలుపు, అదొక్కటే తలుపు కాదు. బాగా చదివే పిల్లలు కూడా 80 సీట్ల దగ్గర ఆగిపోతారు. అది వాళ్ల తప్పు కాదు.

రాకపోతే.. ఇంకా ఏమున్నాయి?

* నవోదయ తొమ్మిదో తరగతి: ఖాళీ సీట్లకు ఎనిమిదో తరగతి చదువుతున్నవాళ్లు రాయొచ్చు. గణితం, సైన్స్‌కు 35 చొప్పున, ఇంగ్లిష్, హిందీకి 15 చొప్పున 100 మార్కులు. హిందీ ముందు నుంచే చూసుకోవాలి.
* సైనిక్ స్కూల్ ఆరో తరగతి: రాష్ట్రంలో కోరుకొండ, కలికిరిలో ఉన్నాయి. 300 మార్కుల పరీక్షలో 150 గణితానికే. ఆడపిల్లలకూ అవకాశం ఉంది. ఫీజు మాత్రం ఉంటుంది.
* రాష్ట్ర గురుకులాలు: ఐదో తరగతిలోనే ప్రవేశం. అంటే నాలుగో తరగతిలో ఉండగానే రాయాలి. ఇక్కడ సీటు వచ్చి వేరే జిల్లాకో పట్టణానికో వెళ్తే, నవోదయ అర్హత కూడా దాన్నిబట్టి మారుతుందని గుర్తుంచుకోండి.
* ఎన్ఎంఎంఎస్: ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. ఇందులోనూ సగం మార్కులు మేధాశక్తికే. నవోదయ కోసం నేర్చుకున్న బొమ్మలు, తార్కిక ఆలోచన ఇక్కడ పనికొస్తాయి.

మీ పాపో బాబో ఇప్పుడు రెండో తరగతిలో ఉంటే, ఈ వేసవిలో తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే. మూడో తరగతి ఏ బడిలో? ఐదో తరగతిలో ఉంటే మాత్రం ఈ రోజే చేయాల్సిన పనులు మూడు. స్టడీ సర్టిఫికెట్లు తీయించండి, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచూడండి, ఒక పాత పేపర్ ప్రింట్ తీసి పిల్లల ముందు పెట్టండి.

(గమనిక: అర్హత తేదీలు, పరీక్ష షెడ్యూల్, రిజర్వేషన్ నిబంధనలు ఏటా నోటిఫికేషన్‌తో మారొచ్చు. దరఖాస్తు చేసే ముందు నవోదయ విద్యాలయ సమితి అధికారిక ప్రాస్పెక్టస్ తప్పకుండా చదవండి.)